రేవులో ముంచిన కొత్తిమీర

కాలువ కట్టేస్తే ఏలూరు వాసనే మారిపోతుంది. ఏడాది పొడుగునా బెజవాడ నుంచి నిండుగా పారివచ్చే కృష్ణ నీరు చైత్రంలో లాకుల దగ్గర ఆగిపోతుంది. నాలుగు రోజుల్లో ఒడ్లు బయటపడతాయి. పడవలు బురదలో ఒరిగిపోతాయి. రేవు మెట్ల కింద గుంటల్లో మాత్రం నీళ్ళు పాచిపట్టి మిగులుతాయి. మళ్ళీ జ్యేష్ఠంలో కాలువ వదిలేదాకా బట్టలకీ, గేదెలకీ, అంట్లకీ ఆ గుంటలే.

తంగెళ్ళమూడి అవతల కూరమళ్ళు పెట్టుకున్నవాళ్ళకి ఆ గుంటలు కూడా అందవు. వాళ్ళకి ఊరి మురుగుకాలువే దిక్కు. నిజం చెప్పాలంటే వాళ్ళు దానికి పెద్దగా విచారించరు కూడా. మురుగు తాగిన తోటకూర ఏనుగు చెవుల్లా లేస్తుంది. మొగుడూ పెళ్ళాం చెరో వైపు నిలబడి తాళ్ళు కట్టిన గూడతో నీళ్ళు తోడిపోస్తే గంటలో మడి తడిసిపోతుంది.

ఆదిలక్ష్మి, సత్తియ్య ఆ పని మొదలుపెట్టి ఎనిమిదేళ్ళయింది. వాళ్ళది కొల్లేటికోట. ఒక ఏడు కొల్లేరు నెర్రెలిచ్చి ఎండితే వలలు చుట్టి అటక మీద పడేసి ఊళ్ళోకి వచ్చారు, మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు. కూరలమ్మడంలో ఆదిలక్ష్మికి మొదటి పాఠం చెప్పింది రేవు దగ్గర కూర్చునే ఒక ముసలమ్మ. “కృష్ణమ్మకి చూపించకుండా కూర ఊళ్ళోకి తేకూడదే పిల్లా,” అంది. చూపించడమంటే తట్ట దించి, కట్టలు ఒక్కసారి నీళ్ళలో ముంచి, ఆ తడిచేత్తో కళ్ళద్దుకోవడం. వీధుల్లో ఆడవాళ్ళు కూడా నీళ్ళు కారే కట్టనే నమ్ముతారు. ఆ రోజు నుంచి ఆదిలక్ష్మి ఒక్కనాడు కూడా రేవు తప్పించలేదు. కాలువ నిండుగా ఉన్నా, కట్టేసినా, చెయ్యి దానంతటదే నీళ్ళలోకి వెళ్ళేది. గుడి ముందు నుంచి పోతూ చెంపలు వేసుకున్నట్టే అదీ.

ఆమె తట్ట దించే ఇళ్ళలో దక్షిణపు వీధిలో చలపతిరావుగారి ఇల్లు ఒకటి. ఆయనకి బజారులో అపరాల కొట్టు. భార్య పరమేశ్వరి గట్టిగా బేరమాడే మనిషి కాదు కాని, కట్ట విప్పి ఆకు ఆకూ చూడందే లోపలికి పట్టుకెళ్ళదు. కూతురు శకుంతలకి ఏడేళ్ళు. ఆదిలక్ష్మి వెళ్ళేటప్పుడు ఆ పిల్ల అరుగు మీదికెక్కి, “ఉండు, నేను చెయ్యి వేస్తా,” అంటూ తట్ట నెత్తికెత్తేది. ఎత్తేదేముంది, రెండు చేతులూ ఆనించేది. “అమ్మో, బుజ్జమ్మగారు లేకపోతే ఈ తట్ట లేచేదా!” అనేది ఆదిలక్ష్మి.

ఆ పిల్లకి తమ్ముడు ఉండేవాడు. పోయిన వేసవిలో కాలువ కట్టేసిన రోజుల్లోనే వాంతులూ భేదులూ పట్టుకుని, పొద్దున ఆడుకున్నవాడు సాయంత్రానికి లేకుండా పోయాడు.

ధాత సంవత్సరం చైత్రంలో, కాలువ కట్టేసిన మర్నాడు పరమేశ్వరి ఆదిలక్ష్మిని గుమ్మంలో కూర్చోమంది. పక్కన కృపమ్మ ఉంది. ఆవిడ మిషను ఆసుపత్రిలో పని నేర్చుకుని, వీధివీధీ తిరిగి కలరా సూదులు వేసే మనిషి. ఊరందరికీ సూదులమ్మగారు. యాభై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, అయినా ఆవిడ మెట్లెక్కని ఇల్లు లేదు.

“ఇప్పుడు నీ మళ్ళకి ఏం నీళ్ళు పెడుతున్నావమ్మా?” అని అడిగింది కృపమ్మ.

“అందరూ పెట్టేవేనండి.”

“అందరూ పెట్టేవంటే?”

ఆదిలక్ష్మి కొంగు సర్దుకుంది. “మురుగేనండి. కాలువ కట్టేశారు కదండి.”

“పోయినేడు?” ఈసారి అడిగింది పరమేశ్వరి.

లోపల సావిట్లో శకుంతల ఒక్కతే కూర్చుని గవ్వలాడుకుంటోంది. తన పందెం తను వేసి, ఎదుటి పందెం కూడా తనే వేస్తోంది. అది చూస్తూ ఆదిలక్ష్మి అబద్ధమాడలేకపోయింది.

“ఆయ్. పోయినేడూ అవేనండి.”

పరమేశ్వరి సావిట్లో కూతురి వైపు చూసింది. తరువాత మెల్లగా అంది. “నీ వల్ల జరిగిందని నేననను. ఏ నీళ్ళు తాగాడో, ఏం తిన్నాడో, నాకే తెలియదు. ఇప్పుడు ఇంట్లో నీళ్ళు కాచి చల్లార్చి ఇస్తున్నాను. బజారు తిండి మానిపించాను. దోసకాయ కూడా ఉడికించే పెడుతున్నాను. కాని దీనికి మజ్జిగన్నంలో పచ్చి కొత్తిమీర నలిపి వెయ్యకపోతే ముద్ద దిగదు. తమ్ముడు పోయాక తిండే తగ్గిపోయింది, అదీ లేదంటే పస్తే. నువ్వు ఈ వేసవి దీన్ని దాటించు ఆదిలక్ష్మీ. నేనడిగేది అంతే.”

ఏం చెయ్యాలో కృపమ్మ చెప్పింది. కొత్తిమీర మడికి మురుగు చుక్క తగలకూడదు. బావి నీళ్ళే, అదీ ఆకు మీద కాకుండా మొదట్లో పొయ్యాలి. పీకిన కట్టల్ని నేల మీద పెట్టకూడదు. బావుల్లో వేసే ఊదా రంగు మందు పొట్లం ఒకటి ఇచ్చి, ఆ నీళ్ళలో కాసేపు నాననిచ్చి, మళ్ళీ బావి నీళ్ళతో జాడించమంది. మిగతా తోటకూరా అదీ ఉడికే కూరలు కనక, ఇంటింటా బాగా ఉడికించుకోమని చెప్పి అమ్ముకోవచ్చునంది.

“చేతులు కడుక్కోవాలి సుమా. నువ్వు కడుక్కున్నానని నాకు చెప్పక్కర్లేదు, ఆ పిల్లని తలుచుకుని కడుక్కో.”

“అలాగేనండి,” అంది ఆదిలక్ష్మి.

బావి ఉన్నది ఒక మామిడితోటలో, మళ్ళకి రెండు ఫర్లాంగుల దూరం. కావిడి వేసుకుని మొయ్యాల్సిందే. సత్తియ్య మొదటి రోజే భుజం చూపించాడు.

“కొల్లేట్లో ఉన్నన్నాళ్ళూ నీళ్ళ మీద బతికాం. ఇప్పుడు నీళ్ళు మన మీద బతుకుతున్నాయి. ఏమేవ్, ఒక్క పిల్ల మజ్జిగలోకి ఇరవై కావిళ్ళా?”

“పోయినేడు ఆ బాబు తిన్నది మన కట్టే మావా,” అంది ఆదిలక్ష్మి, మట్టి గుల్లచేస్తూ.

మర్నాడు ఆమె లేచేసరికే కావిడి గోడ దగ్గర లేదు.

పక్క మడి రత్నం మాత్రం నవ్వి నవ్వి చచ్చేది. రత్నంకి నోటికి అడ్డూ ఆపూ లేదు. “ఏంటొదినా, కొత్తిమీరకి పురుడు పోస్తున్నావా? ముంతతో మొదట్లో పోసి, తాటాకుల గొడుగు పట్టి... నా మొగుడు జొరంతో పడుంటే నేనంత సేవ చెయ్యలేదు.”

“అందుకే నీ మొగుడు వాడిపోయాడు,” అంది ఆదిలక్ష్మి. ఇద్దరూ నవ్వుకున్నారు. అంతలో రత్నం గూడ వేసే తాడు అందుకుంది. మురుగు ఆమె మళ్ళలోకి నల్లగా పారింది.

వైశాఖంలో కొత్తిమీర చేతికొచ్చింది. ఆకు సన్నం, కాడ పొట్టి. రత్నం కట్టల పక్కన పెడితే దిక్కులేనిదానిలా ఉండేది. అయినా వాసన మాత్రం గుప్పుమనేది. ఆదిలక్ష్మి చీకటుండగా లేచి పీకేది. కట్టలు కట్టి, కుండలో ఊదా నీళ్ళలో నానబెట్టి, బావి నీళ్ళతో రెండుసార్లు జాడించి, ఉతికిన గుడ్డలో చుట్టి, తట్టలో అన్నిటికంటే పైన పెట్టేది. చేతులు మోచేతులదాకా కడుక్కునేది. ఆ తరువాత తట్ట నెత్తినెట్టుకుని, మళ్ళు దాటి, రేవు దగ్గర ఆగి, అక్కణ్ణించి వీధిలోకి నడిచేది.

పరమేశ్వరి మొదటి రోజు కట్ట విప్పి ఎప్పటిలాగే ఆకు ఆకూ చూసింది. రెండో రోజూ చూసింది. వారం గడిచాక విప్పడం మానేసింది.

“పచ్చిగా పెట్టచ్చు కదూ?” అని మాత్రం అడిగేది.

“పెట్టండమ్మగారూ. నాది పూచీ.”

ఆదిలక్ష్మి జన్మలో ఎవరికీ దేనికీ పూచీ పడలేదు. పూచీ అడిగేంత గొప్పది ఆమె దగ్గర ఎప్పుడూ ఏదీ లేదు. ఆ మాట అన్నప్పుడల్లా నడుము కాస్త నిటారయ్యేది. శకుంతల బుగ్గలు కూడా కొంచెం నిండాయి. వీధిలో మరో నాలుగిళ్ళ వాళ్ళు, “మాకూ ఆ బావి కొత్తిమీరే కావాలి,” అని అడగడం మొదలుపెట్టారు.

కాలువ వదలడానికి ఇంకా రెండు వారాలుందనగా ఒకరోజు, తెల్లవారుతూండగా కృపమ్మ మడి దగ్గరికి వచ్చింది. అంత దూరం నడిచి ఎప్పుడూ రాలేదు.

“శకుంతలకి నిన్న సాయంత్రం మొదలైంది,” అంది.

ఆదిలక్ష్మి చేతిలో కట్ట అలాగే ఉండిపోయింది. “ఏంటండి మొదలైంది?”

“అదే. డాక్టరుగారు వచ్చి నరానికి ఉప్పునీళ్ళు ఎక్కించారు. తెల్లవారుజామున కాస్త తెరిపిచ్చింది. కళ్ళు తెరిచి మాట్లాడింది.” కృపమ్మ గట్టు మీద కూర్చుని మోకాలు నొక్కుకుంది. “ఆ ఇంట్లో ప్రతిదీ చూశాను. నీళ్ళు కాచినవే. పాలు కాచినవే. సూది వేశాను, కాని దానితో అందరికీ జబ్బు పూర్తిగా ఆగదు. ఇంకేదీ ఉడకనిది లోపలికి పోలేదు, నీ కొత్తిమీర తప్ప. నీ మీద అనుమానంతో రాలేదమ్మా. అన్నీ చూసినదాన్ని, ఇదొక్కటీ చూడకుండా ఉండకూడదని వచ్చాను.”

“చూడండి. అంతా చూడండి,” అంది ఆదిలక్ష్మి.

కృపమ్మ చూసింది. మడి చుట్టూ తిరిగి, మురుగు బోదె ఎంత దూరంలో ఉందో అడుగులతో కొలిచింది. గట్టు ఎక్కడైనా కోసుకుందేమోనని వంగి చూసింది. కుండలో నీళ్ళ రంగు చూసింది. గుడ్డ వాసన చూసింది. మామిడితోట దాకా వెళ్ళి బావిలోకి తొంగి చూసి వచ్చింది. ఆదిలక్ష్మి కట్టలు నానబెట్టడం, జాడించడం, చేతులు కడుక్కోవడం, గుడ్డలో చుట్టడం అన్నీ కన్నార్పకుండా చూసింది.

“ఇంతకన్నా నేను కూడా చెయ్యలేను,” అంది చివరికి. “నీ వల్ల కాదు. పద, నేనూ అటే.”

సత్తియ్య తట్టకి చెయ్యి వేశాడు. ఆదిలక్ష్మి ముందు నడుస్తోంది, కృపమ్మ నొప్పికాలు ఈడ్చుకుంటూ వెనక వస్తోంది. నీ వల్ల కాదు అన్న మాట ఆదిలక్ష్మి చెవిలో మోగుతోంది. పిల్ల లేచి కూర్చుందో లేదో. లేస్తే మజ్జిగే అడుగుతుంది. రేవు వచ్చింది. ఆమె మెట్లు దిగి, తట్ట దించి, గుడ్డ విప్పి, కొత్తిమీర కట్టలు రెండు చేతులా పట్టుకుని నీళ్ళలో ముంచింది. ఒక్కసారి విదిలించి, తడిచేత్తో కళ్ళద్దుకుంది. పిల్ల దక్కాలి తల్లీ అనుకుని మరోసారి అద్దుకుంది.

“ఆదిలక్ష్మీ!”

కృపమ్మ పై మెట్టు మీద నిలబడిపోయి ఉంది.

“ఏం చేశావు?”

“ఏం చేశానండి?”

“ఇప్పుడు. ఇప్పుడేం చేశావు?”

ఆదిలక్ష్మి తన చేతుల వంక చూసుకుంది. “ఏం లేదండి. కృష్ణమ్మకి చూపించాను.”

“రోజూ చేస్తావా?”

“రోజూ ఏంటండి, ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాను.”

కృపమ్మ చెయ్యెత్తి చూపించింది. గుంట అవతలి ఒడ్డున ఒకామె మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి బొంత జాడిస్తోంది. జబ్బు మనిషి కింద పరిచిన బొంత అని దాన్ని చూస్తేనే తెలుస్తోంది. జాడించినప్పుడల్లా నీళ్ళు తెట్టుకట్టి, మెల్లగా ఇటు మెట్ల వైపే కదిలి వస్తున్నాయి.

“మురుగు కాదు కదండి ఇది,” అంది ఆదిలక్ష్మి. “కృష్ణ నీళ్ళండి.”

“కృష్ణ బెజవాడ దగ్గర ఆగిపోయి నెల దాటిందమ్మా. ఇక్కడ మిగిలింది మన ఊరే.”

ఆదిలక్ష్మి చేతిలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆమె కట్టల్ని కింద పడేసింది.

“నిన్నటి కట్ట ఆ ఇంట్లో ఉందండి,” అంది.

తట్ట మెట్ల మీదే వదిలేసి పరుగెత్తింది. ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ ఆ వీధిలో ఆమె పరుగెత్తగా ఎవరూ చూడలేదు. వాకిళ్ళలో ముగ్గులేసేవాళ్ళు తలలెత్తి చూశారు. చలపతిరావుగారు అరుగు మీద తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన్ని దాటుకుని, ఎన్నడూ దాటని గడప దాటి, సావిట్లోకి వెళ్ళింది.

పరమేశ్వరి పీట మీద కూర్చుని, నూరిన కొత్తిమీరని పలచటి గుడ్డలో వేసి మజ్జిగ తేటలోకి పిండుతోంది. మొహం కళకళలాడుతోంది.

“వచ్చావా? నీకు నూరేళ్ళు. తెరిపిచ్చిందే. మజ్జిగ కావాలని అడిగింది. రెండు చెంచాలు తాగింది కూడా, వాంతి కాలేదు.”

“అమ్మగారూ, అది పారబోసెయ్యండి.”

“ఏమిటి?”

“పారబోసెయ్యండమ్మగారూ. ఆ కొత్తిమీర రేవులో ముంచాను. రోజూ ముంచాను. మడీ బావీ అన్నీ సూదులమ్మగారు చెప్పినట్టే చేసి, తీరా తెచ్చి రేవులో ముంచాను. అది చెయ్యకూడని పనని నాకు తోచలేదండి.”

పరమేశ్వరి పిడికిలి బిగిసే ఉంది. గుడ్డలోంచి పచ్చటి చుక్కలు ఒకటొకటిగా గిన్నెలో పడుతున్నాయి.

“నీ చేత్తోనేనా?”

“నా చేత్తోనేనండి. కళ్ళకద్దుకుని మరీ.”

అప్పటికి కృపమ్మ ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చింది. పరమేశ్వరి ఆవిడ వైపు తిరిగింది. “మీరు అడగలేదాండీ?”

“మడి నుంచి తట్టదాకా అడిగానమ్మా,” అంది కృపమ్మ. “తట్ట నుంచి గుమ్మందాకా అడగలేదు.”

గదిలోంచి శకుంతల, “అమ్మా, మజ్జిగ,” అంది. గొంతు పీలగా, గీరుకుపోయి వచ్చింది. పరమేశ్వరి లేచి గిన్నె పెరట్లోకి పట్టుకెళ్ళి గోడవారగా ఒంపేసింది. గుడ్డ కూడా అక్కడే పడేసింది. తిరిగి వచ్చి, ఆదిలక్ష్మి అక్కడ ఉన్నట్టే తెలియనట్టు, గదిలోకి వెళ్ళి తలుపు చేరవేసుకుంది.

“వెళ్ళమ్మా,” అన్నాడు వెనక నుంచి చలపతిరావుగారు. కోప్పడలేదు. “ముందు ఇక్కణ్ణించి వెళ్ళు.”

ఆ తెరిపి మధ్యాహ్నందాకా ఉంది. డాక్టరుగారు మళ్ళీ వచ్చారు, మళ్ళీ సూది గుచ్చారు. మర్నాడు దీపాలు పెట్టే వేళకి పిల్ల పోయింది.

ఆదిలక్ష్మి బావి కొత్తిమీర ఇచ్చిన నాలుగిళ్ళకీ వెళ్ళి గుమ్మంలో నిలబడి చెప్పింది. ఒక ఇంట్లో ముసలాయనకి అప్పటికే పట్టుకుని తగ్గుముఖం పట్టింది. వాళ్ళు తిట్టారు. తక్కిన మూడిళ్ళలో వాళ్ళు ఆమె మాట నమ్మనే లేదు.

“చాల్లే ఊరుకో. కృష్ణమ్మ నీళ్ళు తగిలితే జబ్బేమిటి? ఆ సూదులమ్మ మాటలు పట్టుకుని పిచ్చెక్కుతోంది నీకు. ఆ పిల్ల ఆయువు అంతే,” అంది ఒకావిడ. మరునాడు ఆవిడే కట్ట పట్టుకుని చూసి, “ఇదేమిటే, తడే లేదు? నిన్నటి సరుకు అంటగడుతున్నావా?” అని, వెనకాలే వచ్చిన రత్నం దగ్గర నీళ్ళు కారే కట్ట తీసుకుంది.

రత్నం ఆ రోజు వేళాకోళం ఆడలేదు. రేవు దగ్గర మాత్రం, “ఒక్కసారి ముంచవే వదినా, ఎండకి మాడిపోతున్నాయి,” అంది మెల్లగా.

“నువ్వూ మానెయ్యవే.”

“మానేస్తే ఎవరు కొంటారు?”

తట్టలో సగం అమ్ముడుకాక సాయంత్రానికి గేదెలకి పడేది. సత్తియ్య కావిడి దించి భుజం తడుముకునేవాడు, ఎందుకు మోస్తున్నామని మాత్రం అడగలేదు.

జ్యేష్ఠంలో కాలువ వదిలారు. ఎర్రటి కొత్త నీరు పాచినీ చెత్తనీ తోసుకుంటూ వచ్చి రేవు మెట్లెక్కింది. బురదలో ఒరిగిన పడవలు లేచి నిలబడ్డాయి. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా తెచ్చి నీళ్ళలో వేసి దణ్ణాలు పెట్టుకున్నారు. కూరల వాళ్ళు వరసగా తట్టలు ముంచారు. ఆదిలక్ష్మి చెయ్యి ఒక్కసారి పక్కకి కదిలింది. ఆమె దాన్ని కొంగులో చుట్టుకుని, పై ఒడ్డు నుంచే నడిచిపోయింది.

ఆ రోజు నుంచి దక్షిణపు వీధిలో చలపతిరావుగారి ఇంటి ముందు తట్ట దించడం మొదలుపెట్టింది. కేక వెయ్యలేదు, తలుపు తట్టలేదు. కాసేపు అరుగు పక్కన నిలబడి, వెళ్ళిపోయేది. మూడు రోజులు తలుపు తియ్యలేదు. నాలుగో రోజు తీశారు.

పరమేశ్వరి బయటికి వచ్చింది. సగానికి సగమైపోయింది మనిషి. తట్ట ముందు గొంతుక్కూర్చుని, పైన కప్పిన గుడ్డ తీసి, కొత్తిమీర కట్టల మధ్యకి చెయ్యి పోనిచ్చింది. అడుగుదాకా పోనిచ్చి, వేళ్ళతో తడిమి, బయటికి తీసి అరచెయ్యి తిప్పి చూసుకుంది. పొడిగా ఉంది. అయినా చీరకి తుడుచుకుంది.

“కట్ట తీసుకోండమ్మగారూ,” అంది ఆదిలక్ష్మి.

“ఎవరికి?” అంది పరమేశ్వరి.

గుడ్డ మళ్ళీ యథాప్రకారం కప్పి, అంచులు సర్దింది. లేచి నిలబడింది.

“రేపు కూడా తీసుకురా. చూస్తాను,” అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆదిలక్ష్మి తట్ట అంచులు పట్టుకుంది. నెత్తికెత్తుకోవాలంటే ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలి. వీధిలో ఎవరూ లేరు. ఆమె తట్టని ముందు మోకాలి మీదికి లాక్కుని, అక్కణ్ణించి అరుగు అంచు మీదికి జరిపి, కిందికి వంగి, తల దాని కిందికి దూర్చి మెల్లగా లేచింది.